న్యాయాసనము దిగు తేదీ

ఒంగోలు ప్రాంతమునుండి శ్రోత యొకరు మాకు చిన్న ప్రశ్న వ్రాసి పంపిరి. "కలెక్టరుగారు వయస్సు నిండి ఉద్యోగము విరమించినపుడు ఒక పూలదండతో సరిపోవుచున్నది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విరమించినపుడు మాత్రము పత్రికలలో ఇంత చర్చ ఏల? వయస్సు నిండుటలో రాజకీయమేమున్నది?" అని వారి సందేహము. ఉత్తరము కార్డు మీద వ్రాసినదే గాని, సమాధానము కార్డులో ఇముడునది కాదు. అందుకై మేము ముందుగా గుంటూరు వరకు పోవలసియున్నది. అచ్చటినుండి ఢిల్లీకి, నడుమ ఒకసారి వాషింగ్టనుకు.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించినపుడు రాజధాని కర్నూలునకును, హైకోర్టు గుంటూరునకును దక్కినవి. ఆనాడు ఒంగోలు గుంటూరు జిల్లాలోనిదే. ప్రత్యేక జిల్లా అయినది 1970 ఫిబ్రవరిలో. అంతకుముందు ఈ ప్రాంతపు భూమి తగాదా హైకోర్టు వరకు పోవలెనన్న కాగితములు చెన్నపట్టణము పోవలసియుండెను. 1954 జూలై 5వ తేదీన గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఆరంభమైన పిమ్మట, మిరపకాయల బస్తాలతోపాటు అప్పీలు కాగితములును ఒకే ఊరికి తీసికొనిపోవు సదుపాయము కలిగినది. అది రెండేండ్ల ముచ్చటే అయినది, వేరు మాట. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశము ఏర్పడగానే హైకోర్టు హైదరాబాదునకు తరలిపోయెను.

ఆ గుంటూరు హైకోర్టునకు మొదటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు. 1902 జూలై 15న రాజమహేంద్రవరమున జన్మించిరి. యౌవనములో కొలదికాలము బాపట్లలో జిల్లా మున్సబుగా పనిచేసి, మరల మద్రాసులో న్యాయవాదవృత్తికి వచ్చి, 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయిరి. గుంటూరునుండి హైదరాబాదునకు, అచ్చటినుండి 1958 జనవరి 31న సుప్రీంకోర్టునకు చేరిరి. 1966 జూన్ 30న భారత ప్రధాన న్యాయమూర్తి అయిరి. ఆ పీఠమెక్కిన తొలి తెలుగువారు వారే. మన శ్రోత అడిగిన ప్రశ్నకు దేశములో తొలిసారి గట్టిగా తావిచ్చినవారును వారే.

ముందు నియమము చెప్పుకొందము. రాజ్యాంగములోని 124వ అధికరణము ప్రకారము సుప్రీంకోర్టు న్యాయమూర్తిని రాష్ట్రపతి నియమించును. న్యాయమూర్తికి 65 ఏండ్లు నిండగానే పదవీకాలము ముగియును. హైకోర్టులో ఆ వయస్సు మొదట 60. 1963లో 62 చేసిరి. సుప్రీంకోర్టులో పనిచేసి విరమించినవారు మరల దేశములోని ఏ న్యాయస్థానములోను వాదింపరాదు. కాని ప్రభుత్వమిచ్చు ఇతర పదవి స్వీకరింపరాదని ఎక్కడను లేదు. ఇక ప్రధాన న్యాయమూర్తి విషయములో, మిగిలినవారిలో పెద్దవారు ఆ స్థానమునకు వచ్చుట రాజ్యాంగములో వ్రాయని ఆచారము. ఇచ్చట పెద్దరికమనగా వయస్సు కాదు. సుప్రీంకోర్టులో చేరిన తేదీ. కాబట్టి ప్రతి న్యాయమూర్తికిని రెండు తేదీలు ముఖ్యము: కోర్టులో చేరిన తేదీ, పుట్టిన తేదీ. ఈ రెండిటిని కాగితముమీద వ్రాసికొన్నచో పదేండ్ల తరువాత ప్రధాన న్యాయమూర్తి ఎవరో, ఎన్నాళ్లుందురో నేడే లెక్క కట్టవచ్చును. సుబ్బారావుగారికి ముందున్న ఎ.కె. సర్కారుగారు 1966 మార్చి నడిమినుండి జూన్ చివరి వరకు, మూడున్నర నెలలు మాత్రమే ఆ పదవిలో నుండిరి. కారణము పుట్టినరోజే.

అమెరికాలో ఈ లెక్క లేదు. అచ్చటి సుప్రీంకోర్టు న్యాయమూర్తికి వయఃపరిమితి లేదు, జీవితాంతము ఉండవచ్చును. అధ్యక్షుడు పేరు ప్రతిపాదింపగా సెనేటు సభ ఆమోదింపవలెను. 1987లో అధ్యక్షుడు రీగన్ ప్రతిపాదించిన రాబర్ట్ బోర్క్‌ను సెనేటు 58–42 ఓట్లతో త్రోసిపుచ్చినది. 2016 ఫిబ్రవరిలో న్యాయమూర్తి స్కాలియా మరణింపగా, అధ్యక్షుడు ఒబామా సూచించిన మెరిక్ గార్లండ్ పేరును సెనేటులోని ప్రతిపక్షపు మెజారిటీ ఓటునకే తేలేదు. 2020 సెప్టెంబరు 18న న్యాయమూర్తి గిన్స్‌బర్గ్ మరణింపగా మాత్రము, నలువది దినములైనను గడువక ముందే ఏమీ కోనీ బారెట్ నియామకము 52–48తో ఆమోదము పొందినది. అందుచేత అచ్చటి వృద్ధ న్యాయమూర్తులు తమ మనసునకు నచ్చిన పక్షమువారు అధ్యక్షపదవిలోను, సెనేటులోను ఉన్న వేళ చూచి విరమించుట పరిపాటి. మన రైతు మిరపకాయలను శీతల గిడ్డంగిలో నుంచి, ధర వచ్చునంతవరకు కాచుకొనునట్లు వారును కాచుకొనుచున్నారు. గిన్స్‌బర్గ్ 2014 నాటికే విరమింపవలసినదని ఆమె అభిమానులే తరువాత నొచ్చుకొనిరి. 2022లో న్యాయమూర్తి బ్రేయర్ ఆ పొరపాటు చేయలేదు.

మన రాజ్యాంగనిర్మాతలకు ఈ అమెరికా పద్ధతి తెలియక కాదు. 1949లో రాజ్యాంగసభలో ఈ చర్చ వచ్చినపుడు డాక్టరు అంబేద్కరు ఇంగ్లండులోవలె మంత్రుల ఇష్టమునకే విడుచుట గాని, అమెరికాలోవలె శాసనసభ ఆమోదమునకు పెట్టుట గాని మంచిది కాదని, నడిమి త్రోవ పట్టిరి. రాష్ట్రపతి న్యాయమూర్తులను సంప్రదించి నియమించుట ఆ త్రోవ. ప్రధాన న్యాయమూర్తి మాటే చెల్లవలెనన్న సూచనను సైతము వారు అంగీకరింపలేదు. ప్రధాన న్యాయమూర్తియు మనుష్యుడే గదా అని వారి భావము. ఆ సభలోనే కె.టి. షా గారు, విరమించిన న్యాయమూర్తులకు ప్రభుత్వపదవులు ఇయ్యరాదని ప్రతిపాదించిరి. అంబేద్కరు దానినికూడ కాదనిరి. కోర్టులలోని వ్యాజ్యములు ఎక్కువగా పౌరునకు పౌరునకు నడుమ జరుగునవే, ప్రభుత్వమునకు వానిలో ప్రయోజనము స్వల్పమని వారి వాదము. 1949లో అది నిజమై యుండవచ్చును. నేడు కోర్టులో పెద్ద వ్యాజ్యదారు ప్రభుత్వమే. ఆ మహామేధావి వేసిన అంచనాలలో కాలము తారుమారు చేసినవానిలో ఇది యొకటని మా అభిప్రాయము.

ఇక 1967. ఆ సంవత్సరము ఫిబ్రవరిలో సాధారణ ఎన్నికలు ముగిసినవి. కాంగ్రెసు కేంద్రములో నిలిచినను పెక్కు రాష్ట్రములలో ఓడినది. అదే నెల 27న సుప్రీంకోర్టు గోలక్‌నాథ్ కేసులో తీర్పు చెప్పెను. పంజాబులో ఒక కుటుంబపు భూమిని గరిష్ఠపరిమితి చట్టము క్రింద మిగులుగా లెక్కించుటపై వచ్చిన వ్యాజ్యమది. పదునొకండుగురు న్యాయమూర్తులు కూర్చుండిరి. ఆరుగురు ఒకవైపు, ఐదుగురు మరొకవైపు. ప్రాథమికహక్కులను తగ్గించు అధికారము పార్లమెంటునకు లేదని ఆరుగురి మాట. ఆ ఆరుగురి పక్షమున ప్రధానమైన తీర్పు వ్రాసినవారు సుబ్బారావుగారు. అంతకుముందు జరిగిన సవరణలను చెదరగొట్టక, ఇకముందునకు మాత్రము ఈ సూత్రము వర్తించునని చెప్పుట వారి తీర్పులోని నేర్పు. పొలము గల ప్రతి ఇంటిలోను, పొలము లేని ప్రతి ఇంటిలోను ఆ తీర్పు చర్చకు వచ్చినది, కారణము వేరువేరు.

ఏప్రిల్ 11న సుబ్బారావుగారు ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా ఇచ్చిరి. వారి సహజమైన విరమణ జూలై నడుమనే యుండెను. మూడు నెలలు మాత్రమే మిగిలినవి. ప్రతిపక్షములు తమ ఉమ్మడి అభ్యర్థిగా వారిని రాష్ట్రపతి పదవికి నిలిపినవి. ఎదుట నిలిచినవారు ఉపరాష్ట్రపతి జాకీర్ హుస్సేనుగారు. మే 6న పోలింగు. జాకీర్ హుస్సేనుగారికి 4,71,244 ఓట్ల విలువ, సుబ్బారావుగారికి 3,63,971. ఓడిరి గాని, అంతకుముందు జరిగిన రాష్ట్రపతి ఎన్నికలలో ఏ అభ్యర్థియు కాంగ్రెసునకు అంత దగ్గరగా రాలేదు.

వారు చేసినది చట్టవిరుద్ధము కాదు. ఏ నియమమును దానిని నిషేధింపలేదు, నేటికిని నిషేధించుట లేదు. కాని ఆరు–ఐదు తీర్పులో ఒక్క ఓటు ఇటునుండి అటు పోయినచో దేశచరిత్ర మారును. ఆ ఆరింటిలో ఒక ఓటు వేసినవారు, నలుబది మూడు దినముల తరువాత ప్రభుత్వపక్షమునకు ఎదురుగా ఎన్నికలలో నిలిచినపుడు, తీర్పు నచ్చనివారికి ఆయుధము దొరకినది. వాదోపవాదములు ముగిసి తీర్పు వెలువడునాటికి ఈ అభ్యర్థిత్వపు మాట పుట్టియున్నదనుటకు ఆధారము మేమెరుగము. అనుమానమునకు ఆధారము అక్కరలేదు గదా. ఆ మూడు నెలలు వారు ఓపికపట్టి, సాధారణముగా విరమించి, ఇంటికి పోయియుండినచో గోలక్‌నాథ్ తీర్పునకు మరికొంత బలము మిగిలెడిదని మాకు తోచుచున్నది. రాష్ట్రపతి ఎన్నిక మాత్రము ఆగదు. ఆ చిక్కు అచ్చటనే యున్నది.

వారి తరువాత ఏప్రిల్ 12న ప్రధాన న్యాయమూర్తి అయినవారు కె.ఎన్. వాంఛూగారు. తెలుగువారికి ఈ పేరు క్రొత్తది కాదు. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పరచుటలోని ఆర్థిక, పాలనా విషయములను పరిశీలించి నివేదిక ఇచ్చినవారు వీరే. గోలక్‌నాథ్ కేసులో ఐదుగురి పక్షమున అసమ్మతి తీర్పు వ్రాసినవారును వీరే. అనగా తీర్పు వ్రాసినవారి స్థానములో దానిని కాదన్నవారు వచ్చి కూర్చుండిరి. సీనియారిటీ ఆచారము ఎవరి అభిప్రాయములను అడుగదు. దాని గుణమంతయు అందులోనే యున్నది.

ఆ ఆచారము 1973లో విరిగినది. గోలక్‌నాథ్ తీర్పును దాటుటకై పార్లమెంటు క్రొత్త సవరణలు చేసెను. కేరళలోని ఎడనీరు మఠాధిపతి కేశవానంద భారతిగారి వ్యాజ్యములో వాని బలాబలములు తేల్చుటకు పదమువ్వురు న్యాయమూర్తులు కూర్చుండిరి. 1972 అక్టోబరు 31న మొదలైన వాదనలు అరువదెనిమిది దినములు సాగి మార్చి 23న ముగిసినవి. ప్రధాన న్యాయమూర్తి సిక్రీగారి పదవీకాలము ఏప్రిల్ 25తో తీరనుండెను. ఆ తేదీ దాటినచో కూర్చున్న పీఠమే చెదరిపోవును, ఇన్ని నెలల శ్రమ వృథా యగును. తీర్పులు హడావిడిగా వ్రాయబడి ఏప్రిల్ 24న వెలువడినవి. ఏడుగురు ఒకవైపు, ఆరుగురు ఒకవైపు. పార్లమెంటు రాజ్యాంగములో ఏ భాగమునైనను సవరింపవచ్చును, కాని దాని మౌలిక స్వరూపమును చెరుపరాదు, అని ఏడుగురి నిర్ణయము. ఆ ఏడుగురిలో మన పింగళి జగన్మోహనరెడ్డిగారు ఒకరు. గోలక్‌నాథ్ తీర్పు ఆనాటితో చెల్లకపోయినను, పార్లమెంటునకు ఒక హద్దు కలదన్న ఆలోచన మాత్రము వేరొక రూపమున నిలిచినది.

మరునాడు సిక్రీగారు విరమించుచుండగా, తదుపరి ప్రధాన న్యాయమూర్తి ఎ.ఎన్. రే గారని ప్రభుత్వము ప్రకటించెను. దేశములో చాలమంది ఆ మాట రేడియో వార్తలలోనే వినిరి. రే గారికంటె పెద్దలు షెలట్, హెగ్డే, గ్రోవర్ అను ముగ్గురు. ఆ ముగ్గురును ఏడుగురిలోనివారు. రే గారు ఆరుగురిలోనివారు. ముగ్గురును రాజీనామా ఇచ్చిరి. పార్లమెంటులో మంత్రి మోహన కుమారమంగళంగారు, న్యాయమూర్తి యొక్క దృక్పథమును చూచుకొని ఎన్నుకొను హక్కు ప్రభుత్వమునకు కలదని వాదించిరి. సీనియారిటీయే ప్రమాణము కారాదని 1958లో సెతల్వాడు అధ్యక్షతన గల లా కమిషను చెప్పినమాటను ఉదాహరించిరి. కమిషను ఆ మాట చెప్పినది నిజమే. ప్రతిభను చూడుడని అది చెప్పగా, ప్రభుత్వము తీర్పును చూచినది.

ఇచ్చట పుట్టినతేదీల లెక్క యొకటి చెప్పవలసియున్నది. షెలట్‌గారికి 65 ఏండ్లు నిండునది 1973 జూలైలో, హెగ్డేగారికి 1974 జూన్‌లో, గ్రోవర్‌గారికి 1977 ఫిబ్రవరి నడుమ. రే గారికి నిండునది 1977 జనవరి చివర. ఆచారము తప్పకుండ నడచియుండినచో గ్రోవర్‌గారు పదవిలో నుండగనే రే గారు ఇంటికి పోవలసియుండెడిది. రెండు వారములు పైబడిన తేడాతో వారికి ఆ పీఠము దక్కకపోయెడిది. వయస్సు నిండుటలో రాజకీయమేమున్నదని అడిగిన శ్రోతకు ఇంతకంటె సూటియైన సమాధానము మాయొద్ద లేదు.

1977 జనవరిలో మరల అదే జరిగినది. అత్యవసరపరిస్థితి కాలములో, విచారణ లేక నిర్బంధింపబడినవారు కోర్టును ఆశ్రయింపవచ్చునా అన్న కేసులో 1976 ఏప్రిల్ 28న నలుగురు కాదనగా, హెచ్.ఆర్. ఖన్నాగారొక్కరు అవుననిరి. రే గారి తరువాత వంతు ఖన్నాగారిది. ప్రభుత్వము వారిని దాటి బేగ్‌గారిని నియమించినది. ఖన్నాగారు రాజీనామా ఇచ్చిరి. వారికి మిగిలియున్న కాలము, 65 నిండునంతవరకు, ఇంచుమించు ఐదు నెలలే. ఐదు నెలల పదవికై ఇంత ఎందుకని అడుగవచ్చును. ఆ ఐదు నెలల పదవినైనను ఇయ్యకుండుటలోనే తక్కిన న్యాయమూర్తులకు పంపిన కబురున్నది. తరువాత 1982లో ఖన్నాగారును, సుబ్బారావుగారివలెనే, ప్రతిపక్షముల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలిచి ఓడిరి. హెగ్డేగారు 1977లో లోక్‌సభకు ఎన్నికై స్పీకరు అయిరి. వీరిద్దరును న్యాయాసనమును విడిచిన పిమ్మటనే ఆ త్రోవ పట్టిరి.

ఈ దెబ్బల తరువాత న్యాయమూర్తులు తమ ఇంటి తలుపు తామే బిగించుకొనిరి. 1993 తీర్పుతో నియామకములలో ప్రధాన న్యాయమూర్తి, సీనియరు న్యాయమూర్తుల మాటకే ప్రాధాన్యము వచ్చినది. కొలీజియమని దానికి పేరు. 2014లో పార్లమెంటు జాతీయ న్యాయనియామకముల కమిషను నేర్పరుపగా, 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టు 4–1తో కొట్టివేసెను. ఆ ఒక్కరు కృష్ణాజిల్లావారైన జాస్తి చలమేశ్వరుగారు. కొలీజియము లోపల ఏమి జరుగుచున్నదో లోకమునకు తెలియదని వారి ఆక్షేపణ. తలుపు బిగించినపుడు దొంగ రాడు, గాలియు రాదు. 2018 జూన్‌లో విరమించుటకు ముందే, తాను ఏ ప్రభుత్వమిచ్చు పదవియు స్వీకరింపనని వారు బహిరంగముగా చెప్పిరి.

అందరును అట్లు చెప్పవలెనా? మేము అట్లనము. విరమించిన న్యాయమూర్తుల సేవ లేక జరుగని పనులున్నవి. ఒంగోలువారికి దీనిని వేరుగా చెప్పనక్కరలేదు. నాగార్జునసాగరు కుడికాలువలో పారునీరు ఏ లెక్కపై పారుచున్నదో ఆ లెక్క కట్టినది కృష్ణా జలవివాద ట్రిబ్యునలు. 1969లో దానికి అధ్యక్షులైన బచావత్‌గారు ఆ యేడే సుప్రీంకోర్టునుండి విరమించి, ట్రిబ్యునలు పనిని కొనసాగించి, 1973లోను 1976లోను నిర్ణయములు వెలువరించిరి. ఆంధ్రప్రదేశమునకు 811 టి.ఎం.సి.లు అన్న మాట అప్పటిదే. అట్టి పని చట్టము నిర్ణయించినది, నిష్పక్షపాతముగా చేయవలసినది. జగన్మోహనరెడ్డిగారు విరమణానంతరము నాగర్‌వాలా వ్యవహారముపై విచారణ జరిపిరి. దానిని ఎవరును బహుమానమనలేదు.

చిక్కు వచ్చునది ప్రభుత్వము దయచేయు పదవులలో. పూర్వమును ఇట్టివి లేకపోలేదు: ఫజల్ అలీగారు సుప్రీంకోర్టునుండి ఒరిస్సా గవర్నరుగా వెళ్లిరి. ఇటీవల 2014లో మాజీ ప్రధాన న్యాయమూర్తి సదాశివంగారు కేరళ గవర్నరు అయిరి. 2020 మార్చిలో గొగోయ్‌గారు, విరమించిన నాలుగు నెలలకు, రాజ్యసభకు నియుక్తులైరి. మన రాష్ట్రమునకు వచ్చినచో, 2023 జనవరి 4న విరమించిన అబ్దుల్ నజీరుగారు ఫిబ్రవరిలోనే ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా నియమింపబడిరి. ఈ పెద్దల తీర్పులకు ఈ పదవులు ఫలమని మేము చెప్పబోము. చెప్పుటకు ఆధారము లేదు. విరమణకును క్రొత్త పదవికిని నడుమ రెండేండ్లో మూడేండ్లో విరామముండవలెనని కొందరు చెప్పుచున్నారు. మాకది సబబుగా తోచుచున్నది. విరమించిన న్యాయమూర్తులు ప్రభుత్వపదవులు స్వీకరింపరాదని లా కమిషను 1958లోనే కోరినది. ప్రభుత్వములు మారినవి, ఆ కాగితము కదలలేదు.

సుబ్బారావుగారి తరువాత ఆ పీఠమెక్కిన రెండవ తెలుగువారు నూతలపాటి వెంకటరమణగారు, 2021 ఏప్రిల్ 24న. నడుమ ఏబదినాలుగేండ్లు గడచినవి. వారి నియామకమునకు కొలది నెలలముందు, 2020 అక్టోబరులో, రాష్ట్ర ముఖ్యమంత్రియే వారిపై ఆరోపణలు చేయుచు అప్పటి ప్రధాన న్యాయమూర్తికి లేఖ వ్రాసిరి. కోర్టు అంతర్గతవిధానములో పరిశీలించి 2021 మార్చిలో ఆ ఫిర్యాదును త్రోసిపుచ్చినది. సీనియారిటీ క్రమము ఈసారి చెదరలేదు. 2022 ఆగస్టు 26న వారు వయస్సు నిండి విరమించిరి.

ఇక సుబ్బారావుగారి మాట. ఎన్నికలో ఓడిన పిమ్మట వారు మరి ఏ ఎన్నికలోను నిలువలేదు. 1976 మే 6న మరణించిరి. రాష్ట్రపతి పదవికి పోలింగు జరిగి ఆనాటికి సరిగా తొమ్మిదేండ్లు. ఖన్నాగారు ఒంటరిగా అసమ్మతి తెలిపిన తీర్పు వెలువడి ఎనిమిది దినములు.